వదిన మూసిన కన్‌స్ట్రక్టర్

పిల్లల ఆసుపత్రి కోసం మందుల మోతాదు లెక్కకట్టే కోడ్ రాసేది వదిన. నర్సులు చూసే తెర తయారుచేసేది ఆమె ఆడపడుచు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, కోడ్ మాత్రం వేరువేరు ప్యాకేజీల్లో, ఎవరి అర వాళ్ళదే. మోతాదును పుట్టించే కోడ్ ముక్క అయిన కన్‌స్ట్రక్టర్‌ను తన ప్యాకేజీ బయటివాళ్ళెవరూ పిలవకుండా వదిన మూసేసింది. బిడ్డ బరువు సరిచూశాకే మోతాదు పుట్టాలని ఆమె పట్టు.

మధ్యాహ్నం హెడ్ నర్సు వస్తోంది. ఆమెకు తెర నచ్చితేనే ఆడపడుచు ఉద్యోగం ఖాయమవుతుంది. తూకం యంత్రం చూస్తే ఇంకా తెరకు కలపనేలేదు.

“వదినా, ఆ కన్‌స్ట్రక్టర్ ఒక్కపూటకి పబ్లిక్ చేసి తెరవవా.”

“పోయినసారి ఇంకోటి ఒక్కపూటకే అని తెరిచాం. ఇప్పటికీ తెరిచే ఉంది. బరువు పట్టుకురా, మోతాదు నేనిస్తా.”

ఆడపడుచుకి ఒళ్ళు మండింది. కాపురానికొచ్చిన కొత్తలో ఉప్పు డబ్బా ఎక్కడుందో తనను అడిగి తెలుసుకున్న మనిషి, ఇవాళ తన మొహానే తలుపేస్తుందా? గుట్టుచప్పుడు కాకుండా తన ఫైలు మొదటి వరుసలో వదిన ప్యాకేజీ పేరు రాసుకుంది. ఇంటిపేరు కలిస్తే ఇంటిమనిషే కదా. కోడ్‌లో తప్పులు పట్టే కంపైలర్ కిక్కురుమనలేదు. బరువు చోట తోచిన అంకె ఒకటి పెట్టేసింది.

హెడ్ నర్సు వచ్చి, తన వార్డులో పొద్దున చేరిన పసివాడి పేరు నొక్కింది. మోతాదు టక్కున వచ్చింది.

“ఈ బాబుని మేమింకా తూచలేదమ్మా. ఇది పెద్దవాళ్ళకిచ్చేంత ఉంది.”

పక్కనే ఉన్న వదిన ఆ ఫైలు తెరిచి మొదటి వరుస చూసింది. ఆడపడుచు నర్సు వైపు తిరిగింది.

“తప్పు నాదండీ. వదిన మూసిన చోట దొడ్డిదారిన దూరాను.”

“తూకం కలిపాక పిలవండి,” అని నర్సు వెళ్ళిపోయింది. ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. ఆడపడుచు బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం వదిన తన పక్కకు కుర్చీ లాగింది. “మేనేజరుతో మాట్లాడాను. నా ప్యాకేజీ పేరు పెట్టుకుని బయటివాళ్ళు దూరకుండా దానికి తాళం వెయ్యాలి. ఎలా దూరతారో నీకంటే బాగా ఎవరికి తెలుసు? ఇక నువ్వు నా దగ్గరే.”

కొత్త ఫైలు తెరిచి, మొదటి వరుస తనే టైపు చేసి, కీబోర్డు ఆడపడుచు వైపు జరిపింది. నర్సు రాకముందు ఆడపడుచు దొంగతనంగా రాసుకున్న వరుసే అది.