వాసంతి ఆదివారం

“బోటి తెచ్చిన. మంచిగ గోకి కడుగు. పోయినసారి వాసనొచ్చిందట,” అంటూ ప్రమోద్ నల్ల సంచీని సింకులో పెట్టి వెళ్ళిపోయాడు.

వాసంతి ఇంకా ముఖం మీది చెమటైనా తుడుచుకోలేదు. దుబాయ్ మిర్దిఫ్‌లో తాను పనిచేసే విల్లా నుంచి రెండు బస్సులు మారి ఇంటర్నేషనల్ సిటీకి వచ్చింది. వారంలో ఆదివారం ఒక్కటే సెలవు. పొద్దున తొమ్మిదికి గేటు దాటితే సాయంత్రం ఏడుకల్లా మళ్ళీ లోపల ఉండాలి. నడుమనున్న ఆ పగలంతా ఐదుగురు మగవాళ్ళుండే ఈ గదికే పోతుంది. అందరూ జగిత్యాల దిక్కువాళ్ళు, ఆమె భర్త ప్రమోద్‌తో పాటు జెబెల్ అలీలో గోదాము పని చేస్తారు. వంట వంతులవారీగా చేసుకుంటారు. ఆదివారం ప్రమోద్ వంతు. ఫ్రిజ్ మీది కాగితంలో అతని పేరు కొట్టేసి ‘వదినె’ అని రాసి రెండేళ్ళయింది. భార్య దుబాయ్‌లోనే పనిచేస్తుంటే సెలవు రోజున వచ్చి గదికంతా వండిపెట్టడం వాళ్ళలో మామూలే. ప్రమోద్‌ను చూసి పక్క గదులవాళ్ళు అసూయపడేవారు కూడా.

“ఏం చెల్లె, నాలుగు నెలలు యూరప్‌ల ఉండి వచ్చినవ్. ఇగ గీ బోటి వాసన వడుతదా నీకు?” గదిలో అందరికంటే పెద్దవాడైన పోచన్న తలుపు దగ్గర నిలబడి నవ్వాడు.

“నువ్వు లేక మేం సగమైనం వదినె,” వెనకనుంచి పోశయ్య అందుకున్నాడు. “మీ ఆయన పప్పు జేస్తే అండ్ల చేపలు వట్టొచ్చు. ఇంతకు ఏం జూసినవ్ ఆడ? కోటలా, మంచు కొండలా?”

“దవాఖాన జూసింది,” లోపలి నుంచి ప్రమోద్ అరిచాడు. “ముసలామెకు సేవ జేయనీకె వోయింది గని, టూరుకు వోయిందా?”

అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ వాసంతీ నవ్వింది. ఆ మేకపేగుల మీద వేడినీళ్ళు పోసి, సున్నం చల్లి, చెంచా అంచుతో గోకడం మొదలుపెట్టింది.

ప్రమోద్ అన్నది అబద్ధం కాదు. విల్లాలో అందరూ మామా అని పిలిచే పెద్దావిడకు జర్మనీలోని మ్యూనిక్‌లో తుంటి ఆపరేషన్ చేయించారు. తర్వాత నడక నేర్పే వైద్యం చాలా రోజులు సాగింది. కూతురు హోటల్లో దిగింది. వాసంతి మామా గదిలోనే మడత మంచం మీద పడుకునేది. అక్కడి నర్సు సల్మాది సిరియా. వాసంతికి వచ్చిన వంటింటి అరబ్బీ ఆమెతో మాట్లాడటానికి సరిపోయేది. “రెండు నుంచి ఐదు దాకా ఈవిడ నిద్రపోతుంది. నేనున్నాను. నువ్వు బయటికి వెళ్ళు. యల్లా, పద!” అంది సల్మా మొదటి వారంలోనే. మామా కూతురూ సరేనంది.

మొదటిరోజు వాసంతి ఆ మూడు గంటలూ ఆసుపత్రి గేటు పక్కనే నిలబడింది. ఏం తేవాలో, ఎవరికోసం వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు మరి. పుట్టి ఇరవై ఆరేళ్ళయినా పని చెప్పకుండా ఎవరూ ఆమెను గడప దాటించలేదు. రెండోరోజు మలుపు దాకా నడిచింది. పదోరోజుకు ట్రామెక్కి ఊరి చివరిదాకా పోయి, అదే ట్రాములో తిరిగొచ్చింది. ఎదుట కూర్చున్నవాళ్ళ చేతులు చూడటం ఇష్టమయింది. పాలిచ్చే తల్లి చేతులు, మెకానిక్ చేతులు, గోళ్ళకు ఎర్రరంగేసుకున్న ముసలామె చేతులు. ఉప్పురాళ్ళు అద్దిన ముడివేసినట్టుండే రొట్టెను వేడిగా ఉండగానే, నిలబడి కాకుండా కూర్చుని, అందరూ తిన్నాక కాకుండా ముందే తినడం ఇష్టమయింది. అన్నిటికంటే ఇష్టమయింది ఈజార్ నది. ఊరి నడుమనుంచి పారుతుంది, ఒడ్డంతా తెల్లటి గులకరాళ్ళు. అక్కడ ఒకరోజు తన అత్త కంటే పెద్దావిడ ఒంటరిగా నీళ్ళలోకి దిగి, వెల్లకిలా తేలుతూ చాలాసేపు ఆకాశం చూసింది. ఒడ్డున ఆమె కోసం తువ్వాలు పట్టుకుని ఎవరూ నిలబడలేదు. ఆమె కూడా ఎవరి తువ్వాలూ పట్టుకుని లేదు. వాసంతి చెప్పులు విడిచి పాదాలు నీళ్ళలో పెట్టింది. నీళ్ళు ఎముకల్ని కొరికాయి. అయినా తీయలేదు.

ఒక ఆదివారం మామాకు పెరుగు కావాలంటే తేవడానికి వెళ్ళింది. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. వీధిలో మనిషి జాడ లేదు. ఆమె అసలే కరోనా ఏడాది విల్లాలో నెలల తరబడి బందీగా గడిపిన మనిషి. మళ్ళీ లాక్‌డౌన్ పెట్టారనుకుని, మాస్కు ముక్కు మీదికి లాక్కుని ఆసుపత్రికి పరుగు తీసింది. సంగతి విని సల్మా కడుపు పట్టుకుని నవ్వింది. “కరోనా కాదు, ఆదివారం! ఇక్కడ ఆదివారం అన్నీ మూసేస్తారు.”

“మరి ఇంట్లో ఏమైనా లేకపోతే?”

“లేకపోతే లేకుండానే ఉంటారు,” అంది సల్మా, అదేదో చాలా చిన్న విషయమైనట్టు.

ఆ వారమే ఊరినుంచి అత్త చంద్రవ్వ ఫోన్ చేసింది. “గంత దూరం వోయినవ్, ఏం జూసినవే?” అనడిగింది. నది ఒడ్డున కూర్చున్నానని చెప్పింది వాసంతి. “కూసునేతందుకు గంత దూరం వోవాల్నా? మన పొలంగట్టు మీద జాగ లేదా?” అంది చంద్రవ్వ. పొలంగట్టు మీద తానెప్పుడైనా కూర్చుందా అని వాసంతి గుర్తుచేసుకోబోయింది. కలుపు తీసింది, సద్దిమూటలు మోసింది. కూర్చున్నట్టు మాత్రం గుర్తు రాలేదు.

“వదినె,” పోశయ్య మళ్ళీ వంటింట్లోకి తొంగి చూశాడు. “ఎట్లాగు పొయ్యి మీదున్నవ్ గద, రేపటి కూర గూడ జేసి ఫ్రిజ్‌ల వెట్టరాదు? రేపు నా వంతు.”

వాసంతి నోరు తెరిచేలోపే లోపలినుంచి ప్రమోద్ జవాబు వచ్చింది. “చేస్తదిరా, చేస్తది. ఈడికొస్తె దానికి రెస్టే గద.”

చెంచా ఆగింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. దానికి బదులు ఒక లెక్కలాంటి స్పష్టత వచ్చింది. ఇవాళ నోరు మూసుకుంటే రేపటి కూర, దాని వెనక ఎల్లుండిది. తనకని మిగిలిన ఒక్క పగలు మళ్ళీ ఎన్నటికీ చేతికి రాదు. మిగిలిన బోటిని ఓపికగా కడిగింది. పసుపు రాసి గిన్నెలో వేసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, గిన్నె తీసుకెళ్ళి ప్రమోద్ మంచం పక్కన పెట్టింది.

“కడిగిన. వండుడు నీ వంతు.”

ప్రమోద్ ఫోన్‌లోంచి తలెత్తాడు. “ఏందే, పరాచికమా?”

“కాదు. ఆదివారం నీ వంతు గద.”

గదిలో ఎవరూ నవ్వలేదు. పోచన్న గొంతు సవరించుకుని బాల్కనీలోకి నడిచాడు. ప్రమోద్ లేచి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. “నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్. ఇగో, ఊరికి ఫోన్ జేస్తే మీ అమ్మ ఏమంటది? నాలుగు నెలలు ఆడ తిరిగొచ్చి తలకెక్కిందంటది.”

“అననియ్యి.”

“నేను నీకోసం వారమంత ఎదురుజూస్త, తెలుసా?”

“తెలుసు,” అంది వాసంతి. అది నిజమేనని ఆమెకు తెలుసు. అందుకే గొంతు మెత్తబడింది, మాట మాత్రం మెత్తబడలేదు. “వచ్చినంక మాత్రం నువ్వు ఫోన్ జూస్తవ్, నేను పొయ్యి జూస్త. రెండేండ్ల సంది మనం కూసోని మాట్లాడుకున్న ఆదివారం ఒక్కటి జెప్పు.”

ప్రమోద్ ఫోన్‌ను మంచం మీద బోర్లించాడు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

“పన్నెండు గూడ గాలే. ఎటు వోతవ్?”

“ఇంక అనుకోలే.”

“మరి వచ్చే ఆదివారం?”

“వచ్చే ఆదివారం నన్ను జూడాల్నంటే నువ్వే రా. యాడికి రావాల్నో పొద్దుగాల నేను ఫోన్ జేసి జెప్త.”