వరండాలో జనరేటర్

అతనికి నిదానం అన్న పేరు పెట్టింది బావే. అద్దెకిచ్చిన జనరేటర్ ఎక్కడ దింపినా నిదానం ముందు ఆ చుట్టూ ఓసారి తిరిగి వచ్చేవాడు. తలుపులకు, కిటికీలకు దూరంగా ఆరుబయట నిలిపి, పొగ గొట్టాన్ని ఖాళీ స్థలం వైపు తిప్పేవాడు. మెయిన్ స్విచ్ ఆపారో లేదో కళ్ళారా చూశాకగానీ ఇంజన్ జోలికి పోయేవాడు కాదు. "నీతో పెట్టుకుంటే తెల్లారినట్టే" అని బావ నవ్వేవాడు.

నిజానికి ఆ పనంతా నేర్పింది బావే. అమ్మానాన్నలు పోయాక అక్క అతన్ని తన ఇంటికి తెచ్చుకుంది. బావ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో బోల్టూ విప్పి చూపించాడు. పొగలో ప్రాణం తీసేది కంటికి కనబడదని, వాసన కూడా రాదని, నాలుగు గోడల మధ్య ఇంజన్ నడపొద్దని మొదటిరోజే చెప్పాడు. అది జరిగి పదిహేనేళ్ళు.

ఆ రోజు వీధిలో కరెంటు తీగలు మారుస్తున్నారు. అక్క పనిచేసే కుట్టు షెడ్డుకి జనరేటర్ కావాలన్నారు. నిదానం దాన్ని పెరట్లో దూరంగా నిలిపి, బావను కాపలా ఉంచి, రెండోది తీసుకుని పళ్ళ డాక్టరు గదికి వెళ్ళాడు.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. అతను తిరిగొచ్చేసరికి షెడ్డు మెట్ల మీద ఆడవాళ్ళు తడుస్తూ కూర్చుని ఉన్నారు. ఒకామె వాంతి చేసుకుంటోంది. ఇస్త్రీ చేసే ఆమె బయటికి వెళ్ళి వచ్చేసరికి అందరూ మిషన్ల మీద తలలు వాల్చేసి ఉన్నారట. ఆమే ఇంజన్ ఆపి, తలుపులు తెరిచి, ఒక్కొక్కరినీ బయటికి లాగింది.

జనరేటర్ వెనక వరండాలో ఉంది. పొగ గొట్టం షెడ్డు కిటికీకి జానెడు దూరంలో ఉంది. జల్లు కొట్టకుండా పెరటి తలుపు మూసేసి ఉంది. బావ జాడ లేదు.

అక్కని, స్పృహ లేని, కాజాలు కుట్టే పెద్దామెని ఆటోలో వేసుకుని నిదానం ఆసుపత్రికి పరుగెత్తాడు. టీ తాగడానికని వెళ్ళిన బావ, సంగతి తెలిసి తర్వాత అక్కడికే వచ్చాడు.

సాయంత్రం షెడ్డు యజమాని ఆసుపత్రి వరండాలోనే నిదానాన్ని పట్టుకుని కడిగేశాడు. ఇంజన్ లోపల పెట్టి వెళ్ళిపోయింది నువ్వేనని మీ బావ చెప్పాడన్నాడు. మీ అక్కని అడిగితే ఆమె కూడా తలూపిందన్నాడు. నిదానం బావ కోసం చూశాడు. బావ మందుల చీటీ చదువుతున్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

అక్క మంచం మీద కూర్చుని ఉంది. ముక్కుకి గొట్టం పెట్టారు.

"వాన మొదలయ్యాక అది లోపలికి ఎవరు తోశారో నువ్వు చూశావా అక్కా?"

"చూశాను."

"మరి?"

ఆమె గోడ వైపు తిరిగింది. "ఆయనకి పిల్లలున్నార్రా. నీకింకా ఎవరూ లేరు కదా."

"పొద్దున దాకా మీరున్నారనుకున్నాను."

అతను దుప్పటి ఆమె కాళ్ళ మీదికి లాగి బయటికొచ్చాడు.

ఆ వారమంతా అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. చంపబోయాడట అన్న మాట అతనికన్నా ముందే ఇంటింటికీ చేరింది. అతను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. చెప్తే అక్క అబద్ధం ఆడిందని తనే చాటినట్టవుతుంది.

మూడో రోజున కళ్ళు తెరిచిన పెద్దామెను అతను చూడటానికి వెళ్ళాడు. ఆమె కొడుకు అతన్ని గుమ్మంలోనే ఆపాడు. లోపల్నుంచి ఆమే గట్టిగా అంది:

"రానీరా. తోసింది ఇతను కాదు. వీళ్ళ బావ చక్రాలు వరండా మెట్టు మీదికి ఎత్తలేకపోతుంటే, అక్కడ కూర్చున్న నేనే లేచి దారిచ్చాను."

ఆ మాటే యజమానికీ చెప్పిందామె.

అప్పుడు బావ, నిదానం విడిగా ఉంటున్న గదికి వచ్చాడు. అక్కడున్న ఒక్క కుర్చీలో కూర్చుని, ఏదో కంగారులో నోరు జారిందని, మనసులో పెట్టుకోకుండా రేపట్నుంచి పనిలోకి రమ్మని అన్నాడు.

"ఆ పొగ సంగతి నాకు చెప్పింది నువ్వే కదా బావా."

"తెలియక కాదురా. ఐదు నిమిషాల్లో తగ్గుతుందనుకున్నాను."

"అది తప్పే అనుకో. నా పేరెందుకు చెప్పావు?"

బావ చేతులు నలుపుకున్నాడు. "నువ్వైతే మాట పడతావనుకున్నాను," అన్నాడు.

నిదానం తలుపు తెరిచి పట్టుకున్నాడు.

అతనిప్పుడు ఊరికి అవతల కొత్తగా కట్టే భవనాల దగ్గర జనరేటర్లు చూసుకుంటున్నాడు. బావ ఇంట్లో లేనప్పుడు ఎప్పుడైనా అక్కని చూడటానికి వెళతాడు. తలనొప్పి తగ్గిందా అని అడుగుతాడు. అప్పుడప్పుడూ వస్తుంటుందని ఆమె చెబుతుంది. పిల్లల చదువుల గురించి కాసేపు మాట్లాడుకుంటారు. ఆ రోజు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తరు. ఉండి వెళ్ళరా అని ఆమె ఇదివరకటిలా బలవంతం చేయదు. అతనూ కూర్చోడు.