దండెం మీద ఖాళీ

ఉదయం సువర్చల వాషింగ్ మెషీన్ మూత తీసేసరికి అందులో చీరలకు బదులు జన్యువులు ఉన్నాయి. పాలిచ్చే జంతువుల అండం చుట్టూ ఉండే తొడుగును అల్లే జన్యువులు. ఒక్కొక్కటి తువ్వాలంత ఉంది. ఆమె వాటిని పిండి, బకెట్లో వేసుకుని డాబా మీదికి వెళుతుంది.

మనిషికొక దండెం, ఆవుకొకటి, ఎలుకకొకటి. ఒక్కో దండెం మీద నాలుగేసి జన్యువులకు చోటు. మొదటి జన్యువు కింద మొదటిది, రెండోదాని కింద రెండోది, నిలువునా వరస కుదరాలి. సాయంత్రం సైరన్ మోగేలోపు కుదరకపోతే, పెళ్లికి ముందు మొదలుపెట్టిన ఆమె పీహెచ్‌డీ రద్దవుతుంది. గైడు తాయారు మేడమ్ నీళ్ల ట్యాంకు మీద కూర్చుని చూస్తున్నారు.

మనిషికి నాలుగూ ఉన్నాయి. ఎలుకకు నాలుగోది పనికిరాకుండా పీలికలైపోయింది. చివరి ఖాళీ కాబట్టి ఎవరికీ అడ్డం రాదు. చిక్కంతా ఆవుతోనే. దానికి మొదటిదే పీలికలు. సువర్చల అక్కడ చోటు వదిలి మిగతావాటికి క్లిప్పులు పెడుతుంది.

అత్తగారు తడి దుప్పటితో పైకి వచ్చి, అలవాటుగా ఆవు బట్టల్ని ఆ ఖాళీలోకి జరిపేస్తారు.

“జరపకండి అత్తయ్యా. అక్కడ మొదటిది లేదని తెలియాలి.”

“లేనిదానికి చోటెందుకే? మీ పుట్టింట్లో రానివాళ్లక్కూడా విస్తళ్లు వేస్తారా?”

“ఇలా జరిపితే ఆవుకి మొదటిది ఉన్నట్టుందమ్మా, తప్పు,” అంటారు ట్యాంకు మీది నుంచి మేడమ్.

సువర్చల వెనక్కి జరుపుతుంది. డాబా పొడుగవుతుంది. ఆమె ఆ చివరికి నడిచి వెళ్లేసరికి ఈ చివర అత్తగారు మళ్లీ జరిపేసి ఉంటారు.

“దుప్పటి ఎండకే తగిలించండి, అత్తయ్యా.”

“రంగు వెలుస్తుంది.”

సైరన్ గొంతు సవరించుకుంటోంది. సువర్చల పీట ఎక్కి, తనే ఆ ఖాళీలో వేలాడి, భుజాలకు క్లిప్పులు పెట్టుకుంటుంది. అత్తగారు ఎంత నెట్టినా ఈసారి ఏదీ జరగదు.

మేడమ్ దిగివచ్చి వరస చూస్తారు. “కుదిరింది. కానీ ఇక్కడ ఏమీ ఉండకూడదే?”

“ఏమీ లేదు మేడమ్,” అంటుంది సువర్చల.

మేడమ్ కళ్లజోడు సర్దుకుని ఆమె ముఖంలోకి చూస్తారు. “అవును, లేదు. సంతకానికి సువర్చలని పిలవండి.”

అత్తగారు మెట్ల వైపు తిరిగి ఓ కేక వేస్తారు. చేతిలో దుప్పటి బరువెక్కడంతో, దాన్ని ఆ ఖాళీ మీదే ఆరేస్తారు.

దుప్పటి లోపల సువర్చల అండంలా గుండ్రంగా ముడుచుకుంటుంది. అంచులు వాటంతటవే కలిసి కుట్టుకుంటాయి. బట్ట గట్టిపడుతుంది. సైరన్ మోగుతూ వచ్చి, దుప్పటి చుట్టూ తోక ఆడిస్తూ తిరుగుతోంది. లోపలికి దారి దొరకడం లేదు.