సంచి మీది ఊరు

రెహెమా కత్తి మొనను జీడిపప్పు నడుముకు ఆనించి ఎర్రపొట్టును పైకి లాగింది. పొట్టు వచ్చింది గానీ పప్పు రెండు బద్దలైంది. పొద్దుటి నుంచి ఇది ఏడోది. ఎదుటి పీట మీద కూర్చున్న దాలమ్మ తలెత్తకుండానే ఆ చిన్న చప్పుడు పట్టేసింది.

"నొక్కకమ్మా. తిప్పు. పొట్టు దానికదే ఊడొత్తది."

రెహెమా టాంజానియా నుంచి కాశీబుగ్గకు వచ్చి నాలుగు నెలలైంది. వాళ్ళ ఊళ్ళో జీడి ఫ్యాక్టరీ పెడుతున్నారు. పని నేర్చుకుని వెళ్ళి తక్కిన ఆడవాళ్ళకు నేర్పాలి. చెయ్యి తిరగకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

మొదట్లో ఇక్కడ ఎవరు ఔనంటున్నారో, ఎవరు కాదంటున్నారో ఆమెకు అర్థమయ్యేది కాదు. అందరూ తల అడ్డంగానే ఊపేవారు. కుళాయి దగ్గర పిల్లలు ఆమె సన్నటి జడలు ముట్టుకుని పరుగెత్తేవారు. ఇప్పుడు ఆ పిల్లలే పేరు పెట్టి పిలుస్తున్నారు. చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరకడం అలవాటైంది. అన్నిటికంటే ముందు నేర్చుకున్న మాట 'ఏటి'. ఆ ఒక్క మాటతో సగం బజారు తిరిగి వచ్చేది.

అలవాటు కానివి దాలమ్మ వేళ్ళు. ఇరవై ఏళ్ళు జీడిపిక్కలు పగలగొట్టి, పదేళ్ళుగా పొట్టు తీస్తున్న వేళ్ళవి. పెంకులోంచి కారే జీడినూనె వాటి గీతలన్నీ తినేసింది. రేషను డిపోలో వేలిముద్రల మిషను ఆమెను గుర్తుపట్టదు. కోడలు కుసుమ వచ్చి వేలు పెడితేనే బియ్యం. గీతల్లేని ఆ వేళ్ళ మధ్య పప్పు ఒక్కసారి తిరిగితే చాలు, పొట్టు జారి, విరగని గుండుపప్పు తెల్లగా బయటపడేది. రెహెమా తన పని మరిచి చూస్తుండిపోయేది.

అన్నాలయ్యాక, పొట్టు ఎత్తడానికి ఖాళీ సంచి తెమ్మని దాలమ్మ ఆమెను గోడౌనుకు పంపింది. లోపల పైకప్పు దాకా కొత్త సరుకు. అడుగు వరసలో ఒక గోనె మీద నల్లటి అక్షరాలు చూసి రెహెమా ఆగిపోయింది. నేవాలా. చిరిగిన మూలలోంచి చెయ్యి పెట్టి గుప్పెడు పిక్కలు తీసింది. వాటికి అంటుకున్న ఎర్రమట్టిని బొటనవేలితో రుద్దింది.

చిన్నప్పుడు తల్లితో కలిసి చెట్ల కింద ఏరిన పిక్కలు లారీలో వెళ్ళేవి. ఎక్కడికని అడిగితే సముద్రానికి అనేది తల్లి. ఆ తర్వాత ఏమవుతాయో తల్లికీ తెలియదు.

వెతుక్కుంటూ దాలమ్మ వచ్చింది.

"ఏటలా నిలబడిపోనావు?"

"పిన్నీ, ఇది మా ఊరు."

దాలమ్మ సంచిని చూసింది, పిల్లను చూసింది. "ముప్పయ్యేళ్ళ నుంచి ఈ రాతలు సూత్తన్నాను. సావుకారు పేరనుకున్నాను."

ఆమె వంగి, ఆ నున్నటి వేళ్ళతో అక్షరాలను ఒక్కొక్కటే తడిమింది.

"అయితే నువ్వేరిన పిక్కలే నాను కొట్టినానేటి?"

రెహెమా ఔనన్నట్టు తల అడ్డంగా ఊపింది, అచ్చం ఇక్కడివాళ్ళలాగే.

అప్పటి నుంచి సాయంత్రం దాకా రెహెమా పళ్ళెంలో పడినవి మూడే బద్దలు.

నెల తిరక్కుండానే గడువు ముగిసి, రెహెమా పలాసలో పొద్దుటి రైలెక్కింది. పనికి వేళవుతుందని దాలమ్మ స్టేషనుకు వెళ్ళలేదు. ఫ్యాక్టరీకి వచ్చేసరికి ఎదుటి పీట ఖాళీగా ఉంది. తన పీట మీద మాత్రం రెహెమా తన ఊరి నుంచి తెచ్చుకున్న పసుపుపచ్చటి గుడ్డ మడతపెట్టి ఉంది. దాని అంచు పొడవునా అచ్చువేసిన ఎర్రటి జీడిపళ్ళు, ఒక్కో పండు కింద ఒక్కో పిక్క.