పెద్ద ప్లగ్గు

మినప్పప్పు కడిగి నానబోస్తుంటే పెదనాన్న వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగారు. "వెన్నెలా, చేతులు తుడుచుకుని రా. ముదలియార్‌పేట వెళ్తున్నాం. నంబర్లవీ రాసుకోవాలి, నీ చేతిరాత బాగుంటుంది" అన్నారు. ఆయన గుమ్మం దాటి లోపలికి రారు. నేను ఈ ఇంటికొచ్చి రెండో ఏడు నడుస్తోంది, వంటింట్లో ఆయన నిలబడగా ఒక్కసారీ చూడలేదు. "ఆయ్" అన్నాను. మా యానాం వైపు పెద్దవాళ్లకి అలాగే బదులిస్తాం. పాలిటెక్నిక్‌లో నా పక్కన కూర్చునే ఇలక్కియ ఆ మాట వింటే నవ్వు ఆపుకోలేదు. పెదనాన్న నవ్వరు. ఆయనకి ఆ మాట నచ్చుతుంది.

నాగకుమారి పెద్దమ్మ మా అమ్మకి అక్క. పెదనాన్న రామభద్రరావుగారికి యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ అయినప్పుడు, ఊరి హైస్కూల్లో పది పాసైన నన్ను కూడా చదివిస్తామని తీసుకొచ్చారు. బస్సెక్కేటప్పుడు నాన్న ఒక్కటే చెప్పాడు, "మాట పడకుండా ఉండమ్మా" అని. మాట పడకుండా ఉండటానికే నేను ఐదింటికి లేస్తాను, గిన్నెలు తోముతాను, కూరలు తరుగుతాను, బట్టలు ఆరేసి కాలేజీకి పరిగెడతాను. ఇంటికెవరైనా వస్తే పెదనాన్న "మా అమ్మాయిలాగే చూసుకుంటున్నాం" అంటారు. అన్నప్పుడల్లా, మనసు మారితే పంపించెయ్యగల అమ్మాయిని కూడా అలాగే అంటారు కదా అనిపిస్తుంది.

వాళ్లబ్బాయి పవన్‌కుమార్ అన్నయ్య ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఏదో సర్టిఫికెట్ పరీక్ష రాయడానికి ఇంట్లోనే ల్యాబ్ పెట్టుకుంటానన్నాడు. అందుకు సర్వర్లు కావాలి. కొత్తవి మనవల్ల కాదు కాబట్టి ఆఫీసుల్లో వాడి తీసేసినవి అమ్మే లోకనాథన్ కొట్టుకి వెళ్లాం. నాది కూడా కంప్యూటర్ బ్రాంచే. పుస్తకంలో సర్వర్ అనే మాట ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. కొట్టు వెనక రేకుల షెడ్డులో అవి పొడుగాటి ఇనప ట్రేల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఎవరో ఆఫీసు పేరు చించేసిన స్టిక్కర్ల మరకలు, మూలల్లో దుమ్ము. లోకనాథన్ ఒకదాన్ని ఆన్ చేశాడు. లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారి అరిచాయి. ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. నేను మాత్రం ముందు వరుసలో వెలుగుతున్న పచ్చ దీపాలు చూస్తూ నంబర్లు రాయడం మర్చిపోయాను.

అప్పుడే ఆ వైరు చూశాను. లావు పిన్నుల ప్లగ్గు. మిషన్‌లోకి దూరే రెండో కొస కూడా లావే.

లోకనాథన్‌ది ఇక్కడి పాత తెలుగు. "దీనికి సన్న వైరు ఎక్కదు సార్. ఇంట్లో పెద్ద ప్లగ్గు ఉండాది గదా? రెండు బాక్సులకి రెండు కావాల" అన్నాడు.

"ఇల్లన్నాక ఉండవటయ్యా!" అన్నారు పెదనాన్న. అన్నయ్య ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఉంటాయి, ఉంటాయి" అన్నాడు.

ఆ ఇంట్లో ఏ గోడకి ఏ ప్లగ్గు ఉందో నాకు తెలుసు. టీవీ వెనక రెండు చిన్నవి. అక్కడి బూజు దులిపేది నేనే. అన్నయ్య మంచం కింద ఒకటి, ఇస్త్రీ బల్ల దగ్గర ఒకటి, అది కాస్త వదులు, పెట్టె వైరు ఒక చేత్తో పట్టుకోవాలి. పెద్దది ఇల్లు మొత్తానికి ఒక్కటే, వంటింటి గట్టు పక్కన. అది పెద్దమ్మ గ్రైండర్‌ది. బదిలీ సామాన్లలో ఆ పాత పెద్ద గ్రైండర్ వద్దని పెదనాన్న ఎంత చెప్పినా వినక, లారీలో దాని పక్కనే పరుపులు సర్దించి తెచ్చుకుంది. ఇంకో నిమిషంలో బేరం అయిపోతుంది. 'పెదనాన్నా, పెద్దది ఒక్కటే ఉందండీ' అంటే చాలు, నాలుగు మాటలు. కానీ పోయిన నెల అన్నయ్య ప్రాజెక్టులో ఒక తప్పు చూపించినప్పుడు పెదనాన్న కంచంలోంచి తల ఎత్తి అన్నారు, "అడిగినప్పుడు చెప్పమ్మా" అని. అంత నెమ్మదిగా అన్నారంటే, ఆ తర్వాత నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు.

లోకనాథన్ నా వైపు చూశాడు. "ఏంది పాపా, ఏమో చెప్పబోతాండావు?"

"అదేం లేదు, రాయడానికి వచ్చింది" అన్నారు పెదనాన్న.

"ఆయ్" అన్నాను. కాగితం మీద రెండు సర్వర్ల నంబర్లూ గుండ్రంగా రాశాను.

ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ వైరు పట్టుకుని గోడ గోడకీ తిరిగారు. ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామంటే మేడమీదుండే ఇంటి ఓనరు జయమ్మాళ్ మెట్ల మీంచే అరిచింది. "గోడ పగలగొట్టేది మాత్రం వద్దు సార్. ఉన్న దాంట్లో సర్దుకోండి." చివరికి సర్వర్ వంటింట్లోకి వచ్చింది. పెదనాన్న గుమ్మంలోంచి చెప్తుంటే అన్నయ్య గ్రైండర్‌ని వెనక తలుపు దగ్గరికి జరిపి పాత దుప్పటి కప్పాడు. రెండో సర్వర్‌కి ప్లగ్గు లేదు. దాన్ని మూలన పెడితే దాని మీద బియ్యం బస్తా పెట్టుకున్నాం.

"మరి పిండి?" అంది పెద్దమ్మ.

"పెరట్లో రుబ్బురోలు ఉందిగా. మా అమ్మ నలభై ఏళ్లు రుబ్బింది. ఆవిడకి లేని భుజం నొప్పి నీకెక్కణ్ణించి వచ్చిందే?" అన్నారు పెదనాన్న.

"కాసేపు దాన్ని ఆపుకుంటే..."

"అమ్మా, మధ్యలో ఆపితే చేసిందంతా పోయి మొదటికొస్తుంది" అన్నాడు అన్నయ్య. "పరీక్ష అయ్యేదాకా ఓపిక పట్టు. అయినా నీకు రోట్లో రుబ్బిన పిండి ఇష్టం కదా!"

అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కుడి భుజం పట్టేసి ఆర్నెల్లయింది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవదు, నేనే వేస్తాను. బరువు పని వద్దని డాక్టరు చెప్పినప్పుడు గదిలో ఉన్నది మేమిద్దరమే. కాలేజీ లేని రోజు పొత్రం నేను తిప్పేదాన్ని, మిగతా రోజులు నేను ఇంటికొచ్చేసరికే ఆవిడ రుబ్బేసేది. "ఆలస్యమైతే పిండి పులవదే" అనేది. ఒక సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. సర్వర్ హోరులో ఏమీ వినపడలేదు. నీళ్ల కోసం పెరట్లోకి వెళ్తే పెద్దమ్మ రోటి దగ్గర వంగిపోయి కూర్చుని ఉంది, చెయ్యి పొత్రం మీదే ఉండిపోయింది, తీసుకోలేకపోతోంది. "పది సార్లు పిలిచానే" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ చెయ్యి మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కొట్లో నేను మింగేసిన నాలుగు మాటలూ ఆ భుజంలోకే వెళ్లి కూర్చున్నాయనిపించింది.

అన్నయ్య హాల్లో కూర్చుని ల్యాప్‌టాప్ నుంచే సర్వర్‌తో పని చేసుకుంటాడు. వంటింట్లో ఉక్కగా ఉంటుందట. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి నాకిచ్చాడు. "కరెంటు పోయొస్తే బటన్ నొక్కి ఇది కొట్టు. నువ్వెలాగూ అక్కడే ఉంటావు కదా. ఇంకేం ముట్టుకోకు." నేను ముట్టుకున్నాను. బియ్యం బస్తా మీద పాత కీబోర్డు పెట్టుకుని, అన్నం ఉడికేలోపు రెండు పేజీలు, పప్పు ఉడికేలోపు ఇంకో రెండు, అతని పుస్తకమే చదివాను. ఆ మిషన్ మీద నాకు ప్రేమ పుట్టిందని రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. పెద్దమ్మ చేతిని పాడుచేస్తున్నదాని మీద నాకు ప్రేమేంటి? అయినా పుట్టింది. దాని లోపల ఆరు చిన్న మిషన్లు నడుస్తున్నట్టు ఉంటుంది. ఒక్కోదాన్నీ ఉన్నచోట ఉన్నట్టు భద్రం చేసి, తర్వాత మొత్తం ఆపొచ్చని పుస్తకంలో ఉంది. ఆ పేజీ నాలుగు సార్లు చదివాను.

మంగళవారం కాలేజీ సెలవు. మధ్యాహ్నం మగవాళ్లిద్దరూ లేరు. పుస్తకంలో ఉన్నట్టే ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. మూడు వారాల తర్వాత వంటింట్లో నిశ్శబ్దం. మేడమీద జయమ్మాళ్ కుళాయి కట్టేసిన చప్పుడు కూడా వినిపించింది. మళ్లీ బటన్ నొక్కి గోడకానుకుని నిలబడ్డాను. అంతా పోయి ఉంటే సాయంత్రానికి నా పెట్టె సర్దుకోవాలి. ఏడు నిమిషాలు. ఆరూ లేచాయి, ఎక్కడ వదిలిన పని అక్కడే ఉంది. అన్నయ్య అబద్ధం చెప్పాడనుకోను. అతనికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు. పొత్రం తిప్పేది అతను కాదు కదా.

ఆదివారం పొద్దున పెద్దమ్మ నానిన పప్పు గిన్నె ఎడమ చేత్తో పొట్టకానించుకుని పెరట్లోకి బయల్దేరింది. "ఉండు పెద్దమ్మా" అన్నాను. కీబోర్డు ముందు కూర్చున్నాను. దీపాలు ఆరాయి. లావు ప్లగ్గు లాగితే వెచ్చగా ఉంది. దుప్పటి తీసి గ్రైండర్‌ని గట్టు దగ్గరికి ఈడ్చాను. "వద్దే, మీ పెదనాన్న ఊరుకోరు" అంటూనే పెద్దమ్మ కాలితో దాన్ని నెట్టింది.

"ఏయ్ వెన్నెలా, కరెంటు పోయిందా?" హాల్లోంచి అన్నయ్య వచ్చాడు. వెనకే పేపరుతో పెదనాన్న. గ్రైండర్ ప్లగ్గు చూశారు. మొదటిసారి గుమ్మం దాటి లోపలికొచ్చారు.

"ఎవరు ఆపారు?"

"నేనేనండీ. సరిగ్గానే ఆపాను. గంటలో మళ్లీ పెట్టేస్తాను."

"మొత్తం మొదటికొస్తుందని చెప్పానా లేదా?" అన్నయ్య అరిచాడు.

"రాదన్నయ్యా. మంగళవారం కూడా ఆపాను. నువ్వు గమనించలేదు."

పెదనాన్న పేపరు మడిచారు. "చదువుకోమని తెచ్చుకుంటే పెత్తనం మొదలుపెట్టావా? మీ నాన్నకి ఫోన్ చెయ్యమంటావా?" అదే నెమ్మది గొంతు. గట్టు పట్టుకున్నాను. 'ఆయ్' అనే మాట నాలుక దాకా వచ్చింది. అది అనేస్తే ఇప్పుడే అంతా సర్దుకుంటుంది, గ్రైండర్ తలుపు దగ్గరికి పోతుంది, పెద్దమ్మ పెరట్లోకి పోతుంది.

"చెయ్యండి పెదనాన్నా" అన్నాను. "అసలు ఆపకూడదనుకుంటే పెరట్లో రుబ్బురోలు ఉంది. పప్పు నాని ఉంది. అన్నయ్య రుబ్బొచ్చు."

పెద్దమ్మ గిన్నె నా చేతికిచ్చి, తన మంచి చెయ్యి నా ముందు నుంచి చాచి స్విచ్ వేసింది. రాయి తిరగడం మొదలైంది. పెదనాన్న ఏదో అన్నారు. పెదవులు కదలడం చూశాను. ఆ చప్పుడులో ఏమీ వినపడలేదు. నేను పప్పు వేసి, కొంచెం నీళ్లు పోశాను.