దుబాసి ఒళ్ళు

తనిఖీవాళ్ళు వచ్చే రోజున ప్రాజెక్టు ఆఫీసులో కుర్చీలు తుడుస్తారు, నీళ్ళ సీసాలు సర్దుతారు, గుమ్మానికి ఉతికిన కర్టెను వేలాడదీస్తారు. బల్ల చివర కాంపౌండరు దూది, టింక్చరు, సూదీదారం ముందేసుకుని కూర్చుంటాడు. అతని పక్క కుర్చీ దుబాసిది. ఆమె ముదురు ఎరుపు చీర కట్టుకుని వస్తుంది, మరక పడినా కనబడదని.

ఆస్పత్రి కట్టించడానికి డబ్బిచ్చిన దేశం వాళ్ళకు ఇక్కడి భాష రాదు. డైరెక్టరుకు వాళ్ళ భాష వచ్చుగాని, ఒకరి మాట మోసిపెట్టడం ఆయనకు నామోషీ. అందుకే దుబాసి. దెబ్బను దాచుకున్న మాట ఏదైనా ఆమె నోటి మీదుగా అవతలి భాషలోకి దాటితే, ఆ దెబ్బ ఆమె ఒంటి మీద పడుతుంది. "స్థలం ఇష్టపడే ఇచ్చాం బాబూ" అని ఒక ముసలాయన అన్నప్పుడు, వేలిముద్ర కోసం ఆయన మణికట్టును ఎలా విరిచారో ఆమెదీ అలాగే విరిగింది. "కూలి సరిగ్గానే ముడుతోంది" అన్న మాటకు పై పెదవి చిట్లింది. ఎవరూ వింతపడలేదు. కొందరికి పడిశం పడుతుంది, ఈమెకు దెబ్బలు పడతాయి. తనిఖీవాళ్ళు కూడా జాలిపడి, దుబాసికి ఆరోగ్య బీమా చేయించాలని సిఫారసు చేసి వెళ్ళారు. ఆ దెబ్బలు ఎవరివని అడగడం వాళ్ళ ప్రశ్నల్లో లేదు.

మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు. అలవాటు పడేది చుట్టూ ఉన్నవాళ్ళే. ఒంటికి ప్రతి దెబ్బా కొత్తదే.

"వాళ్ళ వంశపు ఒళ్ళే అంత," అనేవాడు డైరెక్టరు. ఆమె తండ్రీ దుబాసే, ఈ కుర్చీలోనే పోయాడు. ఆ ఇద్దరూ తప్ప ఇక్కడ ఇంకెవరూ ఆ పని చేసి ఎరగరు గనక, ఆ మాటను కాదన్నవాళ్ళూ లేరు. ఆమెకు మాత్రం తండ్రి పోతూ పోతూ చెప్పాడు: "మోసేవాడికే దెబ్బమ్మా. నువ్వైనా, నేనైనా, దారిన పోయేవాడైనా."

ఆ రోజు వెల్డరు భార్యను పిలిచారు. ఆస్పత్రి కప్పుకు రావలసిన ఇనుము డైరెక్టరు మేడ మీదికి ఎందుకు ఎక్కిందని వెల్డరు పదిమందిలో అడిగాడు. ఆ ఇనుప చువ్వతోనే అతని తల పగలగొట్టారు. నిచ్చెన మీంచి పడ్డాడన్నారు. తనిఖీ బృందం పెద్దావిడ ఈసారి అతని భార్యతోనే మాట్లాడతానని కబురు పెట్టింది.

వరండాలో ఆ భార్య దుబాసి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నా కూతురు వాళ్ళ మేడలో ఉంది. పొద్దున్నే కారు పంపి తీసుకుపోయారు. నిచ్చెన అనే అంటాను. అనక ఏం చెయ్యను?"

"అను."

"మరి నువ్వో?"

దుబాసి "ఎక్కడ తగిలింది అతనికి?" అంది.

"చెవి పైన. ఎముక లోపలికి పోయింది. నేనే కడిగానక్కా."

దుబాసి తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు.

"ఈ ఒక్క మాటా నా వల్ల కాదండీ. ఆమెను ఇంటికి పంపేయండి. నేను చస్తాను."

"చావు పేరు చెబితే గాని జీతం పెరగదని ఎవరు నేర్పారమ్మా నీకు? ఈసారి స్ట్రెచరు కూడా తెప్పించాను. నీ మీద ఎంత ఖర్చు పెడుతున్నానో చూడు." గుమ్మంలో నిలబడ్డ ఆయన మనుషులు నవ్వారు. ఆయన దువ్వెన జేబులో పెట్టుకుని గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పకపోతే ఆ పిల్ల ఇల్లు చేరదు. ఆ పాపం నీదే."

సభ మొదలైంది. పెద్దావిడ అడిగింది. దుబాసి ఆ ప్రశ్నను ఇవతలికి తెచ్చింది. "మీ ఆయన ఎలా పోయాడు?"

"నిచ్చెన మీంచి జారిపడ్డాడమ్మా," అంది వెల్డరు భార్య, నేలను చూస్తూ.

దుబాసి నోరు తెరిచింది. మాట నాలుక చివరికి వచ్చేసరికి చెవి పైన ఎముక చలిలో గాజులా బిగుసుకుంది. ఆమె మాటను మింగేసింది. బల్ల కింద డైరెక్టరు చెయ్యి ఆమె విరిగి అతుక్కున్న మణికట్టును పట్టుకుని మెలితిప్పింది. ఆమె పళ్ళు బిగించింది తప్ప పెదవి కదపలేదు.

"లే అవతలికి!" కుర్చీతో సహా తోసేశాడు. ఆమె గోడకు కొట్టుకుని నేల మీద పడింది. "నాకు రాదనుకున్నావా? ఆ దేశంలోనే చదివినవాణ్ణి. నీ సంగతి తరవాత చూస్తాను."

హెచ్చరించడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరిని ఆమె లోపలే ఉంచుకుంది. అది పగో, న్యాయమో, ఉత్త అలసటో తరవాత ఎంత ఆలోచించినా ఆమెకు తేలలేదు.

డైరెక్టరు కోటు సవరించుకుని, చక్కటి ఉచ్చారణతో, ఆ విధవరాలి మాటను అవతలి భాషలోకి దాటించాడు.

ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. చెవి పైన తల లోపలికి కుంగింది. నెత్తురు సీసాల మీద, కర్టెను మీద, పెద్దావిడ బుగ్గ మీద చిమ్మింది. కాంపౌండరు అలవాటు కొద్దీ దుబాసి దగ్గరికి పరుగెత్తి, తలంతా తడిమి, గాయం దొరక్క తెల్లబోయాడు. డైరెక్టరు బల్ల మీదికి ఒరిగి, నున్నగా దువ్విన తలతో, మళ్ళీ లేవలేదు.

గుమ్మంలోని మనుషులు ఎవరి ఆజ్ఞ కోసం చూడాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుబాసి లేచింది. వాళ్ళలో ఉన్న డ్రైవరుతో అంది: "మేడకు వెళ్ళి పిల్లను తీసుకురా."

"ఎవరు చెప్పారనమంటావమ్మా?"

"నేను చెప్పానను."

డ్రైవరు బల్ల వైపు ఒకసారి చూసి, తాళాలు తీసుకుని వెళ్ళాడు.

పెద్దావిడ బుగ్గ మీది నెత్తురు తుడుచుకుంటూ తన భాషలో ఏదో అడిగింది. దుబాసి పడిపోయిన కుర్చీని నిలబెట్టి, అందులో కూర్చుని, వెల్డరు భార్య వైపు తిరిగింది.

"అసలు ఏం జరిగిందని అడుగుతోందావిడ."

బయట కారు కదిలిన చప్పుడు వినబడేదాకా వెల్డరు భార్య నోరు విప్పలేదు. తరవాత చెప్పింది, చువ్వ దగ్గర్నుంచి మొదలుపెట్టి. దుబాసి భుజాలు బిగబట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ మొదటి మాటను అవతలికి దాటించింది. ఏమీ పడలేదు.

ఆమె కళ్ళు తెరిచింది.

"ఊఁ," అంది. "తరవాత?"