ఏషియన్ సంతకం

శశికాంత్ గారి ముఖం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మరీ మండింది.

అమెరికాలో, సన్నీవేల్‌లోని మా షూ కంపెనీలో ఆయన నా మేనేజర్. నేను వెబ్‌సైట్ టెస్టింగ్ చేస్తాను. చైనా కుర్రకారు కోసం తీసిన కొత్త యాడ్‌ని ఎవరైనా ఏషియన్ చూసి సంతకం పెట్టాలని పైవాళ్ళు రూల్ పెట్టారట. ఆయన కళ్ళు నా మీద పడ్డాయి.

"నాకు చైనా గురించి ఏం తెలుసండీ, నూడుల్స్ తప్ప!" అన్నాను.

"ఏషియన్ అయితే చాలమ్మా. ఫైవ్ మినిట్స్ పని. నీ హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్ లెటర్ కూడా నా టేబుల్ మీదే ఉంది," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వుకి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ నా వీసా మార్చితో అయిపోతుంది. నోరు మూసుకుని యాడ్ చూశాను.

ఒక కుర్రాడు ఇంట్లోంచి పరుగు తీస్తాడు. వీధంతా పరీక్ష పేపర్లు పరిచి ఉంటాయి. కొత్త షూలతో వాటిని తొక్కుకుంటూ దూసుకుపోతాడు. నా గుండె ఝల్లుమంది. ఆఫీసులో ప్రింటవుట్ కాలికి తగిలినా కళ్ళకద్దుకునేదాన్ని నేను. 'చదువుని తొక్కిస్తారా? చైనావాళ్ళు ఊరుకోరు. ఆ పేపర్లు తీసేస్తే ఓకే,' అని మెయిల్ కొట్టాను. పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో లిన్‌కి ఆ యాడ్ చూపించాను. మా దగ్గర షూ డిజైన్లు గీసే అమ్మాయి, చైనాలో పుట్టి పెరిగింది. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి కదా, ఆమెని ఎవరూ అడగలేదు. పేపర్లు చూసి పకపకా నవ్వింది. కాలేజీ సీటు కోసం రాసే పెద్ద పరీక్ష అయిపోయాక తమ క్లాసంతా పుస్తకాలు చింపి మేడ మీంచి విసిరేశారట. యాడ్ మొత్తంలో ఆ సీనే బాగుందట. తర్వాత యాడ్ మొదటి నుంచీ మళ్ళీ వేసి చూసి, నవ్వు ఆపేసింది. యాడ్ మొదట్లో, గుమ్మంలో ఆ కుర్రాడి నానమ్మ వాడి చెయ్యి పట్టుకుంటుంది. వాడు విదిలించుకుని పరుగెడతాడు. ఆమె పడబోయి గోడ పట్టుకుంటుంది.

"నన్ను పెంచింది నానమ్మే. ఈ షూ నేను కొనను. నా ఫ్రెండ్స్ కూడా కొనరు," అంది ఇంగ్లీషులో.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముసలామెని నేను చూడనేలేదు. నా ధ్యాసంతా కాగితాల మీదే ఉంది.

గబగబా శశికాంత్ గారి క్యాబిన్‌కి వెళ్ళాను. అప్పటికే పేపర్ల సీన్ తీయించేసి, ఫారమ్‌లో 'ఏషియన్ రివ్యూ: పద్మజ' అని ప్రింట్ తీసి పెట్టాడు. నా సంతకమే తరువాయి.

"నేను తప్పు చెప్పానండీ. లిన్‌ని అడగండి."

"కొత్త గొడవలు పెట్టకు పద్మజా. సైన్ చెయ్యి. రేపేదైనా అయితే చూసుకుందాంలే."

"చూసుకునేది ఎవరండీ? పేరు నాది కదా?"

"నీ లెటర్ మీద నేనూ సైన్ చెయ్యాలి. అది మర్చిపోకు."

సిగ్గులేని మనిషి! పెన్ను తీసుకుని నా పేరు అడ్డంగా కొట్టేశాను. పైన ఆయన పేరు రాసి, ఫారమ్ ఆయన ముందుకి తోశాను.

"మీది గుంటూరే కదండీ. మీరూ ఏషియనే. పెట్టండి సంతకం."

ఆయన పెన్ను పట్టుకున్నాడు, మళ్ళీ కింద పెట్టాడు. ఐదు నిమిషాల పని అన్న మనిషి ఎంతసేపటికీ కదల్లేదు. నా లెటర్ ఆయన మోచేతి కిందే ఉంది. దాని మీదా సంతకం లేదు.